కళ్ళు మూసుకుని మేపిన మంద

బొంరాస్‌పేట బీరయ్య తన నలభై రెండు గొర్రెలను వికారాబాద్‌లో ఒక మేడ మీది గదిలో కూర్చుని, ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండా, రెండు కళ్ళూ మూసుకుని, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న మత్తయ్య కంది చేనులో ఐదు వారాల పాటు మేపాడు. ఏదో మొక్కుబడి మేత అనుకునేరు. గొర్రెలు బలిశాయి. చేనుకు ఎరువు పడింది. బీరయ్య కుడి భుజంలో మూడేళ్ళుగా కాపురముంటున్న నొప్పి మూటాముల్లె సర్దుకుని, తాండూరు స్టేషన్‌లో రైలెక్కి, టికెట్టు లేకుండా కర్ణాటకలో దిగిపోయింది. నమ్మనివాళ్ళు స్వయంగా వచ్చి చూసుకోవచ్చు. మత్తయ్య చేనూ ఉంది, ఆ చేనుకు ఈశాన్యం మూలా ఉంది. ఇంతకంటే రుజువు ఏ కోర్టులోనూ అడగరు.

ముందు మనిషిని చూడండి. బీరయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. ఆధార్ కార్డు ప్రకారం అరవై మూడు, భార్య హన్మమ్మ లెక్క ప్రకారం పన్నెండు. తాతల నాటి నుంచీ గొర్రెల కాపరుల ఇల్లు. మీసం గొంగడిలాగా నల్లగా, బరువుగా ఉంటుంది. నవ్వితే గొంగడి దులిపినట్టే ఉంటుంది. ఆయన నాలుక మడిచి "బ్రుర్ర్" అంటే మంద మొత్తం తల తిప్పుతుంది. ఒకసారి అలా అంటే పరిగి రోడ్డు మీద పోతున్న ఆర్టీసీ బస్సు కూడా ఆగిపోయింది. అక్కడ స్టాపు ఉందన్నది వేరే సంగతి, అసూయపరులు చెప్పుకునే సంగతి.

ఇంతటి మనిషిని పడగొట్టడానికి మామూలు నేల సరిపోదు. తాండూరు బండ కావలసి వచ్చింది. కొడుకు మల్లికార్జున్ తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాడు. మూడేళ్ళ కింద ఒక రోజు బీరయ్య కొడుక్కి సద్ది పట్టుకుని ఆ యూనిట్‌లో అడుగుపెట్టాడు. అప్పుడే పాలిష్ చేసి నీళ్ళు కొట్టిన బండ. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు. బీరయ్య తన మొహం చూసుకుందామని వంగాడో లేదో, ఆ మొహమే ఆయనకు ఎదురొచ్చింది. సద్ది గిన్నె మూత కూడా ఊడలేదు, అది మాత్రం ఆయన గొప్పతనమే. గిన్నెను కాపాడిన పుణ్యానికి కుడి భుజం కింద పడింది.

ఎముక విరగలేదు. ఎక్స్‌రేలు తీశారు, సూదులు వేశారు, పూడూరు దాకా తీసుకెళ్ళి ఆకు కట్టు కట్టించారు. రెండు నెలల్లో దెబ్బ మానింది. నొప్పి మాత్రం మానలేదు. మెడ దగ్గర బయల్దేరి, భుజం మీద కాసేపు కూర్చుని, మోచేతి దాకా రోజుకు పది సార్లు తిరిగేది. ఆ భయానికి కుడి భుజం పైకి లేచి, చెవికేదో రహస్యం చెబుతున్నట్టు అక్కడే ఉండిపోయింది. ముందు గొంగడి కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మారింది. తర్వాత ఎడమ భుజం నుంచి గోడకున్న కొయ్యకు మారింది. ఈనిన గొర్రె దగ్గర నుంచి పిల్లను ఎత్తి సంకలో పెట్టుకోవడం కూడా చేతకాక, బీరయ్య దొడ్డి గుమ్మం దగ్గర మంచమేసుకుని కూర్చుని, పోయే గొర్రెనూ వచ్చే గొర్రెనూ పలకరిస్తూ ఉండేవాడు. మంద వెనక కర్ర పట్టుకుని హన్మమ్మ పోయేది.

ఇది చూసి చూసి ఒక ఆదివారం మల్లికార్జున్ తాండూరు నుంచి వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కున్నాక మాట బయటపెట్టాడు.

"నాయినా, గొర్లను అమ్మేద్దాం."

"ఎవ్వని గొర్లను?" అన్నాడు బీరయ్య.

"మనయే. అవ్వ ఎన్నొద్దులు తిరుగుతది ఎండల? నీకు శాతనైతలేదు. నువ్వు మంచంల కూసొని గొర్లతోని ముచ్చట్లు పెడితె అవి మేస్తయా?"

"జర మర్యాదగ మాట్లాడురా. గొర్లు వింటున్నయ్."

"ఇననీ. తాండూరు సేటుతోని మాట్లాడిన. కంది కోతలు కానీ, బండి తోలుకొస్త అన్నడు. అప్పటిదాంక సూస్త నాయినా. గా వొద్దుకు నువ్వు ఒక్క గొర్రెపిల్లను నీ కుడిచేత్తోని ఎత్తి సంకల పెట్టుకున్నవనుకో, నేను మళ్ల నోరు తెరువ. లేకుంటె మంద బండెక్కుడే."

అప్పటికి కంది కాయ పట్టింది. కోతలకు ఇంకా రెండు నెలలు కూడా లేవు. ఆ రాత్రి బీరయ్య సరిగ్గా తినలేదు. మంద పోతే తనను ఎవరు బీరయ్య అంటారు? పొద్దున లేచి ఎటు వైపు నడవాలి? గొర్రెలు లేని కాపరిని కుక్క కూడా కొత్తవాడనుకుని మొరుగుతుంది. బస్సులో పక్కన కూర్చున్న ఒక కుట్టుపని ఆమె చెప్పిందని హన్మమ్మ వికారాబాద్‌లో వైద్యం సంగతి ఎత్తినప్పుడు, సూది అనగానే పారిపోయే బీరయ్య మారు మాట్లాడకుండా బస్సెక్కింది అందుకే.

వికారాబాద్‌లో ఆ మేడ మీద నిరోషా అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. మోమిన్‌పేట నుంచి రోజూ వచ్చిపోతుంది. బీరయ్య మెట్లెక్కి, చెప్పులు విడిచి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపటికి రా కాకా," అంది నిరోషా.

"బిడ్డా, గీ నేలకేసిన బండలు యాడియి?"

"తాండూరువే."

"అనుకున్న. నన్ను గుర్తువట్టినట్టు సూస్తున్నయ్."

గోడ పట్టుకుని, నీళ్ళలో దిగే గొర్రెలాగా ఒక్కో కాలు పెట్టి చూసుకుంటూ కుర్చీ దాకా వెళ్ళాడు. నిరోషా ఆయన భుజం మీద రెండు స్టిక్కర్లు అంటించి, వాటి తీగలు ఒక చిన్న డబ్బాకు కలిపింది. డబ్బా ముందు కంప్యూటర్ తెర మీద పచ్చ గీత ఒకటి పాకుతోంది. డబ్బాలోంచి "కీఁ" అని సన్నటి చప్పుడు.

దీన్ని చదువుకున్నవాళ్ళు బయోఫీడ్‌బ్యాక్ అంటారు, నాలుగు పేజీలు రాస్తే గానీ వాళ్ళకు తృప్తి ఉండదు. బడి మధ్యలో మానేసినవాళ్ళకు నాలుగు ముక్కలు చాలు. కండరం బిగిస్తే గీత పైకి పోతుంది, డబ్బా కీచుమంటుంది. కండరం వదిలితే గీత కిందికొస్తుంది, డబ్బా ఊరుకుంటుంది. అంతే. దీనికి పట్టాలక్కరలేదు.

నిరోషా కూడా అదే చెప్పింది. "కాకా, నీ ఎముక మంచిగున్నది. దెబ్బ ఎప్పుడో మానింది. కాని నీ భుజం ఇంకా భయపడుతున్నది. మళ్ల పడ్తమేమో అని బిగవట్టుకొని కూసుంటది. బిగిస్తె నొప్పి, నొప్పి లేస్తె మళ్ల బిగిచ్చుడు. గీ మిషిన్ నొప్పి తియ్యదు. నువ్వు ఎప్పుడు బిగిస్తున్నవో నీకు చెప్తది. విని విని వదులుడు నేర్చుకుంటవ్."

"అంటె చాడీలు చెప్పే మిషిన్ అన్నట్టు."

"గట్లనే అనుకో. ఇప్పుడు కండ్లు మూసుకో. నీకు మస్తు హాయిగ అనిపిచ్చే జాగ ఒకటి మనసుల తలుసుకో. సముద్రం ఒడ్డున కూసున్నవ్. సల్లటి గాలి..."

బీరయ్య సముద్రం చూడలేదు. కోట్‌పల్లి ప్రాజెక్టు చూశాడు. దాన్నే పట్టుకుని నాలుగు వైపులా లాగి సముద్రం చేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎక్కడికి పోయినా మందను వదిలి పోయే అలవాటు ఆయనకు లేదు. గొర్రెలు కూడా సముద్రానికి వచ్చాయి. నీళ్ళు తాగబోయిన ఒక గొర్రె కాలు జారింది. దాని వెనక ఇంకొకటి. గొర్రె సంగతి తెలిసిందే కదా, ముందుది ఎక్కడ దూకితే వెనకది అక్కడే. డబ్బా "కీఁ" అని అందుకుంది.

"ఏమైంది కాకా?"

"ఏడు మునిగినయ్," అన్నాడు బీరయ్య కళ్ళు తెరవకుండా, నుదుటి మీద చెమటతో.

సముద్రం వద్దనుకున్నారు. అనంతగిరి గుట్టల్లో చెట్ల నీడన కూర్చోమంది నిరోషా. ఆయన కూర్చున్నాడు. మంద కూడా కూర్చుంది. రెండు నిమిషాలు గీత కొంచెం దిగింది కూడా. ఇంతలో చెట్ల వెనక నుంచి ఖాకీ బట్టల్లో ఫారెస్టాయన వచ్చి, అడవిలోకి గొర్రెల్ని ఎవరు తోలమన్నారని అడిగాడు. డబ్బా మళ్ళీ కీచుమంది.

"సరే, గుట్ట వద్దు," అంది నిరోషా నవ్వు ఆపుకుంటూ. "పచ్చటి చేను అనుకో. కనుచూపు మేర పచ్చగ. నీ గొర్లు నిమ్మళంగ మేస్తున్నయ్."

ఈసారి డబ్బా కీచుమనలేదు. అరిచింది. గీత తెర పైఅంచును గుద్దుకుంది. పక్క గదిలో నడుము నొప్పికి పడుకున్న రోగి లేచి కూర్చున్నాడని, అప్పటి నుంచి అతనికి నడుము నొప్పి లేదని కూడా అంటారు.

"ఎవ్వరిది బిడ్డా గా చేను?" అన్నాడు బీరయ్య రొప్పుతూ.

"ఎవ్వరిది కాదు కాకా. మనసుల చేను."

"ఎవ్వరిది గాని పచ్చటి చేను యాడుంటది? నాకు కనవడ్డ చేను మా మత్తయ్యది. కంది నిండుగ కాసి ఉన్నది. కట్టె వట్టుకొని ఉరికొస్తున్నడు."

ఈ మత్తయ్య ఎవరో చెప్పుకోవాలి. బీరయ్య దొడ్డికి ఆనుకునే ఆయన మూడెకరాల కంది చేను. ఒకప్పుడు ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకునేవాళ్ళు. ఎనిమిదేళ్ళ కింద కొమ్ము విరిగిన పొట్టేలు ఒకటి మందను వెంటేసుకుని మత్తయ్య కందిలో పడింది. మత్తయ్య మొత్తం మందను బందెల దొడ్డిలో పెట్టించాడు. అప్పటి నుంచి మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు దగ్గుతారు, ఇంకొకరు ఆకాశం చూస్తారు. ఆ ఎనిమిదేళ్ళలో బొంరాస్‌పేట ఆకాశాన్ని వీళ్ళిద్దరూ చూసినంత ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో బీరయ్య ఆలోచిస్తూ కూర్చున్నాడు. కోతలకు వారాలే మిగిలాయి. సముద్రం పనికిరాదు, గుట్ట పనికిరాదు. మనసు పోతే మత్తయ్య చేనుకే పోతోంది, పోతే కట్టె లేస్తోంది. పరిగి దాటేసరికి ఆయనకు తోవ దొరికింది. ఆ తోవ ఏ డాక్టరుకూ తోచనిది, తోచినా నోటితో చెప్పలేనిది.

"మత్తయ్యను అడుగుత," అన్నాడు ఇంటికొచ్చి.

"ఏమని?" అంది హన్మమ్మ.

"నా గొర్లను మనసుల ఆయన చేన్ల మేపుకుంట, ఒప్పుకో అని."

హన్మమ్మ చేతిలోని చీపురు అలాగే ఆగిపోయింది. "మల్లిగాని నాయినా, నీకు భుజం నొప్పా, తలకాయ నొప్పా? మనసుల మేపుకునేదానికి అడుగుడేంది? ఆయనకు తెలుస్తదా?"

"ఆయనకు తెల్వది. నాకు తెలుస్తది గదా. అడగకుంట ఒకల చేన్ల మందను ఎట్ల తోలుత?"

మర్నాడు పొద్దున మత్తయ్య గట్టు మీద కూర్చుని కంది కాయ వొలిచి గింజ కొరికి చూస్తున్నాడు. బీరయ్య వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. మత్తయ్య దగ్గాడు. అలవాటు ప్రకారం బీరయ్య ఆకాశం చూడాలి. చూడలేదు. సంగతంతా చెప్పాడు, స్టిక్కర్ల నుంచి మునిగిన ఏడు గొర్రెల దాకా.

మత్తయ్య నవ్వుతాడనుకున్నాడు. మత్తయ్య నవ్వలేదు. భూమి విషయంలో ఆయన ఎప్పుడూ నవ్వడు.

"మంద మొత్తమా?"

"మొత్తం."

"కంది కోసినంకనే రావాలె. కాయ మీదుండంగ అడుగువెడితె ఊకోను."

"మనసుల కోసేసినమనుకుంట. మోళ్ళు, రాలిన ఆకే ఉన్నదనుకుంట."

"మంచిగ కోసినమనుకో. నిరుడు కూలోళ్ళు కోసినట్టు సగం సగం గాదు."

"సరే."

"తూర్పు గట్టు దిక్కు నుంచి రా. పడమట దిక్కు కొత్త యాప మొక్క వెట్టిన."

"సరే."

"రాత్రికి మంద ఆడనే పండాలె. ఎరువు నాది."

బీరయ్యకు ఇక్కడ ఓపిక నశించింది. "మనసుల గొర్లకు ఎరువేందయ్యా?"

"మనసుల మేత మేసినంక మనసుల ఎరువు ఎయ్యవా? తినుడుకు నా చేను, ఎరువుకు ఇంకొకని చేనా?"

న్యాయమైన మాట. బీరయ్య ఒప్పుకున్నాడు. తిరిగి వస్తుంటే వెనక నుంచి మత్తయ్య గొంతు: "గా కొమ్మిరిగిన పొట్టేలు మాత్రం రావద్దు. దాన్ని మనసుల గూడ రానియ్య!"

తర్వాతి మంగళవారం నిరోషా స్టిక్కర్లు అంటించగానే బీరయ్య కళ్ళు మూసుకుని, "బ్రుర్ర్" అన్నాడు. తూర్పు గట్టు మీదుగా మంద దిగింది. కోసిన కంది మోళ్ళ మధ్య ఎండుటాకు కరకరలాడుతోంది. గట్టు మీద మత్తయ్య ఉన్నాడు, చేతిలో కట్టె లేదు. గొర్రెలు తలలు దించి మేస్తుంటే వచ్చే ఆ చప్పుడు, సన్నవాన కొట్టం కప్పు మీద పడినట్టుండే చప్పుడు, బీరయ్య చెవి నిండా నిండింది. డబ్బా కూత సన్నబడి, ఇంకా సన్నబడి, ఆగిపోయింది. నిరోషా మిషిన్ కరెంటు పోయిందేమోనని వంగి తీగ చూసింది. కరెంటు ఉంది. మూడేళ్ళుగా చెవి పక్కనే కాపలా కాస్తున్న భుజం తన చోటికి తాను దిగి కూర్చుంది.

"ఎట్లున్నది కాకా?"

"జర సేపు మాట్లాడకు బిడ్డా. మేస్తున్నయ్."

రోజూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఇంట్లో కూడా ఇలాగే కూర్చోమంది నిరోషా. ఇంట్లో మిషిన్ ఎక్కడిది? హన్మమ్మ ఉంది. ఆమె మంద తోలుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, మొగుడి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆయన భుజం వేలెడు పైకి లేచిందంటే చాలు, "కీఁ!" అనేది. లేవకముందే అనేది కూడా. మిషిన్‌కు పచ్చ గీత ఒక్కటే కనబడుతుంది, హన్మమ్మకు మొగుడి మొహంలో కొడుకు మీద కోపమూ, బండి తోలుకొచ్చే సేటూ, అన్నీ కనబడతాయి. దేనికి ఎంత "కీఁ" అనాలో ఆమెకు తెలుసు. వారం తిరిగేసరికి అన్నం తినేటప్పుడు "కీఁ", స్నానానికి నీళ్ళు తోడుకునేటప్పుడు "కీఁ". శాంతవ్వ అనే పక్కింటి ముసలమ్మ, ఈ ఇంట్లో ఏదో కొత్త పిట్టను పెంచుతున్నారని ఊరంతా చెప్పింది.

రెండో వారం డబ్బా మళ్ళీ కీచుమంది. మనసులో గొర్రెలన్నీ మేస్తున్నాయి, కొమ్ము విరిగిన పొట్టేలు మాత్రం దొడ్డిలో ఒంటరిగా నిలబడి అరుస్తోంది. దాని అరుపు విని బీరయ్య భుజం లేచింది. మళ్ళీ మత్తయ్య దగ్గరికి వెళ్ళక తప్పలేదు.

"ఒక్కటే ఉన్నది దొడ్ల. దుఃఖపడుతున్నది."

మత్తయ్య చాలాసేపు కంది గింజ కొరికాడు. "తాడు కట్టి తెస్తవా?"

"తెస్త."

"పెద్ద తాడు గాదు. మూరెడు."

అక్కడి నుంచి మత్తయ్యకు ఈ మేత మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. రోజూ సాయంత్రం గట్టు మీద కాపు కాసి అడిగేవాడు. "ఇయ్యాల తెచ్చినవా? ఏ మూలకు మేసినయ్?" ఒక రోజు మొహం మాడ్చుకుని అన్నాడు, "ఎప్పుడు సూడు దక్షిణం దిక్కే మేపుతవ్. ఈశాన్యం మూల మట్టి సన్నగుంటది. పంట సరిగ రాదు. రెండొద్దులు ఆడ పండవెట్టు." బీరయ్య పండబెట్టాడు. మాటంటే మాటే.

ఇవన్నీ ఇలా ఉండగా కంది కోతలు రానే వచ్చాయి. మత్తయ్య చేను దాదాపు కోత అయింది. పడమట దిక్కున నాలుగు సాళ్ళు మిగిలాయి. ఆ పొద్దున్నే మల్లికార్జున్ వచ్చాడు. వెనకే తాండూరు సేటు బండి వచ్చి దొడ్డి ముందు ఆగింది.

బీరయ్య మంచం మీద నుంచి లేవలేదు. పొద్దున మెలకువ రాగానే భుజం పరీక్షించుకున్నాడు. నొప్పి ఉంది. సగం తగ్గిన మాట నిజమే, కానీ కొడుకు సగాన్ని లెక్కలోకి తీసుకునే రకం కాదు. పైగా పరీక్ష అనుకుంటేనే భుజం చెవి వైపు బయల్దేరుతోంది.

"పిల్లను ఎత్తు నాయినా, సూస్త," అన్నాడు మల్లికార్జున్. గొంతులో గట్టితనం తెచ్చిపెట్టుకున్నది, కళ్ళు మాత్రం నేల మీద ఉన్నాయి.

పుట్టి పది రోజులైన పిల్ల ఒకటి దొడ్డి ముందు గెంతుతోంది. బీరయ్య దాని వైపు చెయ్యి చాచాడు. భుజం బిగుసుకుంది. చెయ్యి మధ్యలో ఆగింది. హన్మమ్మ "కీఁ" అనబోయి, కొడుకు మొహం చూసి మింగేసింది. బీరయ్య చెయ్యి వెనక్కి తీసుకుని, "తోలుకపో," అన్నాడు.

దొడ్డి తలుపు తీశారు. మంద బయటికొచ్చింది. డ్రైవర్ బండిని వెనక్కి తిప్పుతూ హారన్ కొట్టాడు. అలాంటిలాంటి హారన్ కాదది, తాండూరు నుంచి వాడికి తప్పుకుంటూ వచ్చిన లారీలను అడగాలి. కొమ్ము విరిగిన పొట్టేలు ఎగిరి దూకింది. దాని వెనక మంద మొత్తం దూకింది. ఎటు? ఇంకెటు, ఎనిమిదేళ్ళ కింద ఎటు పోయిందో అటే. తూర్పు గట్టు ఎక్కి, మత్తయ్య చేనులోకి దిగి, నేరుగా పడమట దిక్కున కోయని నాలుగు సాళ్ళ వైపు.

బీరయ్య ఉరికాడు. మల్లికార్జున్ ఉరికాడు. సేటు చెప్పులు చేత పట్టుకుని ఉరికాడు. ఎదురుగా గట్టు మీద మత్తయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో కట్టె ఉంది. ఇది మనసులోని మత్తయ్య కాదు. నిజం మత్తయ్య, నిజం కంది, నిజం కట్టె. బీరయ్య భుజం ఒక్క ఉదుటున చెవికి అంటుకుంది. మెడ నుంచి మోచేతి దాకా నిప్పు పాకింది. "బ్రుర్ర్" అందామంటే నోట్లో నాలుక మడత పడలేదు.

వెనక నుంచి, ఊరు ఊరంతా వినేట్టు, హన్మమ్మ అరిచింది: "కీఁఁఁఁ!"

బీరయ్య ఆగాడు. ఊపిరి వదిలాడు. మోళ్ళ మధ్య ఎండుటాకు కరకర వినబడింది. ఈ చేను తనకు తెలుసు, తూర్పు గట్టు నుంచి ఈశాన్యం మూల దాకా రోజూ రెండు పూటలా తిరిగిన చేను. అడిగి తిరిగిన చేను. భుజం దిగింది.

మత్తయ్య కట్టె ఎత్తాడు. ఎత్తి, ఈశాన్యం వైపు చూపించాడు. "గటు కాదు బావా! ఈ మూలకు తోలు! ఈ మూలకు!"

ఎనిమిదేళ్ళ తర్వాత "బావా". బీరయ్య నాలుక మడిచి "బ్రుర్ర్" అన్నాడు. పొట్టేలు నిలబడింది. మంద నిలబడింది. తల తిప్పింది. కోయని సాళ్ళకు రెండు బారల దూరంలో గొర్రెలన్నీ మలుపు తీసుకుని, రోజూ వచ్చే తోవే అయినట్టు ఈశాన్యం మూలకు నడిచాయి. కొడంగల్‌లో కూడా వాటి డెక్కల చప్పుడుకు కిటికీలు ఊగాయి.

చివరికి పది రోజుల పిల్ల ఒక్కటే మిగిలింది. నీళ్ళ కాలువలో పడి, కాళ్ళు బురదలో దిగబడి అరుస్తోంది. బీరయ్య వంగాడు, దాని పొట్ట కింద చెయ్యేసి ఎత్తాడు, సంకలో పెట్టుకున్నాడు, మంద వెనక నడిచాడు. నాలుగు అడుగులు వేశాక మత్తయ్య పిలిచాడు.

"బావా, అది ఏ చెయ్యి?"

బీరయ్య వంగి చూసుకున్నాడు. కుడి చెయ్యి.

మల్లికార్జున్ గట్టు మీద నడుము పట్టుకుని రొప్పుతూ నిలబడి చూస్తున్నాడు. సేటు వచ్చి, "ఎక్కియ్యాల్నా, వద్దా?" అని అడిగాడు.

"ఏందెక్కిస్తవ్ సేటూ?" అన్నాడు మల్లికార్జున్. "మేస్తుంటె కనవడుతలేదా?"

బండి ఖాళీగా తాండూరు పోయింది. మంద మూడు రోజులు ఈశాన్యం మూలనే ఉంది. మత్తయ్యకు ఎరువు దక్కింది, ఈసారి చేత్తో పట్టుకుని చూసుకోగలిగేది. గొంగడి కొయ్య దిగి భుజమెక్కింది. ఆ తర్వాత బీరయ్య కుడి చేత్తో నలభై రెండు గొర్రెలనూ ఒక్కొక్కటే ఎత్తి దింపాడనీ, ఊపులో ఆఖరున మత్తయ్యను కూడా ఎత్తాడనీ టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు. వికారాబాద్‌లో ఆ డబ్బా ఇప్పటికీ ఎవరు కూర్చున్నా ముందు "బ్రుర్ర్" అంటుందట.

ఇదంతా రాసి బీరయ్యకు చదివి వినిపిస్తే, ఆయన గొంగడి సర్దుకుని, కాసేపు ఆకాశం చూసి, ఇలా అన్నాడు:

"ఐదు వారాలు గాదు, నాలుగే. ఒక మంగళారం బస్సు రాలే. గొర్లు నలభై ఒకటి. కాలువల వడ్డ పిల్ల అప్పటికింక పుట్టలే. నొప్పి యాడికీ పోలే, ఉన్నది. పొద్దుగాల జర ఎక్కువ, మాపటికి తక్కువ. గొర్లు బలిసినయంటె గది నా వల్ల గాదు. నేను కండ్లు మూసుకొని కూసున్న. మేపింది హన్మమ్మ."